నమ్మకమైన గృహనిర్వాహకుడు – మన చేతిలో ఉన్నది ఎవరిది?

వాక్య భాగము: మత్తయి 25:14–30, 1 కొరింథీయులకు 4:2, 1 పేతురు 4:10

ఈ వారం వీడియోలో తలాంతుల ఉపమానం క్లుప్తంగా చూశాం. అదే వాక్యాన్ని ఇక్కడ కాస్త నిదానంగా ధ్యానించుకుందాం. బైబిల్ పక్కన పెట్టుకుని చదవండి. నేను చెప్పేది వాక్యంతో సరిపోతుందో లేదో మీరే చూడండి.

గృహనిర్వాహకుడు అనే మాట సంఘంలో చాలాసార్లు వింటాం. చందా పుస్తకం చేతిలోకి వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ వింటాం. అయితే అసలు గృహనిర్వాహకుడు అంటే ఎవరు? మన ప్రాంతంవాళ్లకు ఈ మాట అర్థం కావాలంటే కాలువ గట్టు మీదకు వెళ్తే చాలు.

1. లస్కరు నీళ్లు లస్కరువి కావు

కృష్ణా నది మీద బెజవాడ దగ్గర 1852లో మొదలుపెట్టి 1855లో ఆనకట్ట పూర్తి చేశారు. తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. సీతానగరం వైపు నుంచి బయల్దేరిన పశ్చిమ డెల్టా నీళ్లు దుగ్గిరాల మీదుగా తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు పోతాయి. మనం పై భాగంలో ఉన్నాం. సముద్రం వైపు ఉన్నవి శివారు భూములు.

కాలువ మీద షట్టర్లు ఎత్తి దించే లస్కరును చూసే ఉంటారు. తాళం ఆయన చేతిలోనే ఉంటుంది, కానీ నీళ్లు ఆయనవి కావు. ఆయన నదిని పుట్టించలేదు, కాలువ తవ్వలేదు. ఎన్ని రోజులు వదలాలో, ఎంత వదలాలో పైనుంచి చెప్తారు. ఆయన పని నమ్మకంగా ఎత్తడం, నమ్మకంగా దించడం. ఎగువ రైతు ఎవరైనా బతిమాలాడనో, బెదిరించాడనో, చేతిలో ఏదో పెట్టాడనో తూము ఎక్కువ తెరిస్తే ఏమవుతుంది? ఇక్కడ పొలం నిండిపోతుంది. అక్కడ శివారులో నారు ఎండిపోతుంది. ఆ శివారు రైతు లస్కరు ముఖం కూడా ఎప్పుడూ చూసి ఉండడు. అయినా అతని పంట ఈయన నమ్మకత్వం మీద ఆధారపడి ఉంది.

ప్రియమైన దేవుని బిడ్డలారా, గృహనిర్వాహకుడంటే ఇదే. అధికారం ఉంటుంది గానీ సొంతం కాదు. నా జీతం, నా పొలం, నా ఆరోగ్యం, నా చదువు, నా సమయం అంటాం. "నా" అనే మాట తప్పు కాదు, ఎందుకంటే తాళం నా చేతిలోనే ఉంది. కానీ భూమీ, దానిలో ఉన్నదంతా యెహోవాదే అని 24వ కీర్తన మొదటి వచనంలోనే తేల్చేసింది. లేవీయకాండము 25:23 ఇంకో అడుగు ముందుకు వేసి, భూమి దేవునిదని, ఇశ్రాయేలీయులు ఆయన దగ్గర పరదేశులుగా ఉంటున్నవారని చెప్తుంది. మన భాషలో చెప్పాలంటే మనందరం కౌలుదారులమే. సొంత పొలం ఉన్నవాడు కూడా దేవుని దగ్గర కౌలుకే చేస్తున్నాడు. మన డెల్టాలో కౌలు రైతులు ఎంతమందో మీకు తెలుసు. ఈ వాక్యం వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆసామి ఎప్పుడైనా వచ్చి లెక్క అడుగుతాడని వాళ్లకు తెలుసు. ఆ సంగతి మర్చిపోయేది సొంతదారులమని అనుకునేవాళ్లమే.

2. ఒకే మట్టి, రెండు రకాల పాతిపెట్టడం

ఇప్పుడు ఉపమానానికి వద్దాం. యజమానుడు ప్రయాణమై వెళ్తూ ఒకనికి ఐదు తలాంతులు, ఒకనికి రెండు, ఒకనికి ఒకటి ఇచ్చాడు. ఒక్క తలాంతే కదా, పాపం అతనికి తక్కువ ఇచ్చాడు అనుకుంటాం. లెక్క చూడండి. ఒక తలాంతు అంటే దాదాపు 6000 దేనారములు. ఒక దేనారము ఒక రోజు కూలి అని మత్తయి 20లో చూస్తాం. అంటే ఒక్క తలాంతు ఒక కూలివాని సుమారు 20 ఏళ్ల కష్టార్జితం. తక్కువ పొందినవాడు కూడా చిన్న మొత్తం పొందలేదు. యజమానుడు అంత నమ్మాడు.

ఇంకో సంగతి గమనించండి. ఐదు సంపాదించినవాడికి 21వ వచనంలో దొరికిన మెప్పు, రెండు సంపాదించినవాడికి 23వ వచనంలో దొరికిన మెప్పు ఒక్కటే. మాటల్లో తేడా లేదు. యజమానుడు ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి మొత్తాలు పోల్చలేదు. మనమే పోలుస్తాం. ఫలానావారి అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, ఫలానావారు సంఘానికి ఫ్యాన్లు ఇచ్చారు అని మనమే లెక్కలు వేస్తాం.

మూడోవాడు ఏం చేశాడు? భూమిలో గుంట తవ్వి దాచాడు. దుగ్గిరాలవాళ్లకు ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. మనం కూడా పసుపును మట్టిలోనే పాతిపెడతాం కదా, మరి మనది తప్పు కాదా?

పసుపు రైతు పంట తవ్వినప్పుడు దుంపలన్నీ ఒకేలా చూడడు. అమ్మేవి ఉడకబెడతాడు, కల్లంలో ఆరబెడతాడు, పాలిష్ పట్టించి యార్డుకు తోలుతాడు. విత్తనానికి ఉంచుకున్నవి మాత్రం ఉడకబెట్టడు. నీడలో కుప్పపోసి, పసుపాకు కప్పి, నాటే కాలం దాకా కాపాడతాడు. ఎకరానికి 8 నుంచి 10 క్వింటాళ్ల విత్తనం కావాలి. అప్పుల ఒత్తిడిలో దాన్ని కూడా అమ్మేయాలనిపిస్తుంది. అయినా చేయి ఆపుకుంటాడు. ఉడికిన కొమ్ము మళ్లీ మొలకెత్తదని అతనికి తెలుసు.

మూడో దాసుడూ మట్టిలోనే పెట్టాడు, రైతూ మట్టిలోనే పెట్టాడు. మట్టి ఒక్కటే, తేడా మనసులో ఉంది. రైతు ఆశతో పెట్టాడు, దాసుడు భయంతో పెట్టాడు. 24, 25 వచనాలు చదవండి. యజమానుడు కఠినుడని, విత్తనిచోట కోసేవాడని తాను ఎరుగుదునని, అందుకే భయపడి దాచానని అతనే చెప్తాడు. అతని సోమరితనం వెనక ఒక సిద్ధాంతం ఉంది. యజమానుడు చెడ్డవాడు అన్నదే ఆ సిద్ధాంతం. 20 ఏళ్ల కూలిని నమ్మి చేతిలో పెట్టినవాడిని అతను కఠినుడు అనుకున్నాడు.

ఈ రోజు మనం గుర్తుపెట్టుకోవలసిన మాట ఇదే. మన దేవుడు ఎలాంటివాడని మనం నమ్ముతున్నామో, మన చేతిలో ఉన్నదాన్ని అలాగే వాడతాం.

3. భయపెట్టి తీసుకున్నది కానుక అవుతుందా?

ఇక్కడ ఒక కష్టమైన సంగతి మాట్లాడాలి. పెద్దలు నన్ను మన్నించాలి, కానీ వాక్యం చెప్పింది చెప్పకుండా ఉండలేను.

పంట పోయిన రైతు మందిరానికి వస్తాడు. వర్షానికి తడిసి దుంప కుళ్లింది, లేదా ధర పడిపోయింది. కౌలు కట్టాలి, వడ్డీ కట్టాలి. అలాంటివాడితో, దశమభాగం సరిగ్గా ఇవ్వలేదు కాబట్టే ఇలా జరిగిందని చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ మాట ఆ మనిషిని ఎక్కడికి తోస్తుందో ఆలోచించారా? అప్పటికే అప్పులవాడికి భయపడుతున్నాడు. ఇప్పుడు దేవునికి కూడా అప్పులవాడికి భయపడ్డట్టే భయపడతాడు. మనమే అతన్ని మూడో దాసుడిని చేస్తున్నాం.

సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకోవద్దని యేసయ్య చెప్పారు (లూకా 13:4, 5). పుట్టు గ్రుడ్డివాని విషయంలోనూ ఎవరి పాపం అన్న ప్రశ్నను ఆయన పక్కకు నెట్టేశారు (యోహాను 9:3). యోబు స్నేహితులు ఇదే లెక్క వేసి దేవుని చేత మందలింపు పొందారు. నష్టపోయినవాడి గుమ్మం దగ్గర మనం యోబు స్నేహితులుగా నిలబడకూడదు.

మలాకీ 3:10 మనందరికీ నోటికి వచ్చు. దశమభాగం తెమ్మని, ఆకాశపు వాకిళ్లు విప్పుతానని దేవుడు చెప్పిన మాట అది. నిజమైన మాట, గొప్ప వాగ్దానం. దాన్ని తగ్గించాలని కాదు. కానీ అదే అధ్యాయంలో ఐదు వచనాలు పైకి వెళ్లండి. 3:5లో దేవుడు ఎవరికి విరోధంగా సాక్ష్యం చెప్తానన్నాడు? కూలివాని కూలి విషయంలో బాధపెట్టేవారికి, విధవరాండ్రను, తండ్రిలేనివారిని, పరదేశులను అన్యాయం చేసేవారికి. ఐదో వచనం దాటకుండా పదో వచనానికి ఎవరూ చేరలేరు.

ఆ మందిరపు గిడ్డంగిలో ఆహారం ఎవరికోసం? ద్వితీయోపదేశకాండము 14:28, 29 చూస్తే, మూడో సంవత్సరపు దశమభాగం లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు. వాళ్లు తిని తృప్తి పొందాలి. అంటే ఆ ఇచ్చేది చివరికి శివారు పొలానికి చేరే నీళ్లలాంటిది. దశమభాగం ఇవ్వవద్దని నేను చెప్పడం లేదు, ఇవ్వండి. భయంతో కాకుండా ప్రేమతో ఇవ్వండి. ఇచ్చింది ఎక్కడికి చేరుతుందో సంఘంగా లెక్క చూసుకోండి. పరిశుద్ధ పౌలు కూడా కానుకలు మోసుకెళ్లే పనిలో నింద రాకుండా, మనుషుల దృష్టిలో కూడా సరిగా ఉండేలా జాగ్రత్తపడ్డాడు (2 కొరింథీయులకు 8:20, 21). సంఘంలో లెక్క చూపించమంటే అది అవిశ్వాసం కాదు, గృహనిర్వాహకత్వమే.

4. కానుక పెట్టె కంటే ముందు కాటా

దుగ్గిరాల అనగానే పసుపు యార్డు. కొమ్ములు, కాయలు, తేమ, తూకం, తరుగు అనే మాటల మధ్య పెరిగిన ఊరు మనది. దేవుడు ఈ మాటల గురించి కూడా మాట్లాడాడు. ఒకరి సంచిలో రెండు రకాల తూకపురాళ్లు ఉండకూడదని ద్వితీయోపదేశకాండము 25:13–16లో ఆజ్ఞ ఉంది. దొంగ త్రాసు దేవునికి హేయమని సామెతలు 11:1 చెప్తుంది.

కాబట్టి గృహనిర్వాహకత్వం ఆదివారం కానుక పెట్టె దగ్గర మొదలవదు. సోమవారం కాటా దగ్గర మొదలవుతుంది. పసుపు సరిగా ఆరకముందే బస్తాకెత్తితే తూకం పెరుగుతుంది. ఆ పెరిగిన తూకం నీళ్లది, పసుపుది కాదు. పసుపు పొడికి మెరుపు రావడానికి మెటానిల్ ఎల్లో, లెడ్ క్రోమేట్ లాంటి రంగులు కలిపే మోసం లోకంలో ఉంది. సీసం పిల్లల మెదడుకు చేసే హాని చిన్నది కాదు. మనం అమ్మే పసుపు ఏ ఇంట్లో ఏ బిడ్డ పాలల్లో పడుతుందో మనకు తెలియదు. శివారు రైతును లస్కరు చూడనట్టే మనం ఆ బిడ్డను చూడం. యజమానుడు చూస్తాడు.

అలాగే కూలి. పసుపు తవ్వే కాలంలో తల్లులు, అక్కలు రోజంతా వంగి దుంపలు ఏరుతారు, కొమ్ములు విడదీస్తారు. కూలివాని కూలి మరునాటి దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13 చెప్తుంది. సరుకు అమ్మాక ఇస్తాం, యార్డు డబ్బు పడ్డాక ఇస్తాం అని వాయిదాలు వేస్తూ, ఆదివారం మాత్రం పెద్ద నోటు కానుక వేస్తే, ఆ నోటు ఎవరిది? అది మన కానుక కాదు, ఆ తల్లి కూలి. మొదట ఆమెకు ఇవ్వాలి.

ఊళ్లో పొలం లేదు, నేను హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కంప్యూటర్ ముందు పని చేస్తున్నాను అంటారా? మనకూ కాటా ఉంది. మా పనిలో అడ్మిన్ యాక్సెస్ అని ఉంటుంది. సర్వర్‌లో ఏ ఫైలైనా తెరవొచ్చు, మార్చొచ్చు, తుడిచేయొచ్చు. కానీ కంపెనీ మనది కాదు, ఆ డేటా మనది కాదు. ప్రతి అడుగూ లాగ్‌లో నమోదవుతుంది. ఇంటి నుంచి పని చేస్తున్నప్పుడు రాసుకునే గంటలు, బిల్లులో పెట్టే ఖర్చులు, ఎవరూ చూడకుండా రాసే కోడ్ నాణ్యత, ఇవన్నీ మన తూకపురాళ్లు. కొంచెంలో నమ్మకంగా ఉన్నవాడే ఎక్కువలోనూ నమ్మకంగా ఉంటాడని ప్రభువు చెప్పారు (లూకా 16:10).

5. గుప్పెడు బియ్యం

కొందరు అమ్మలు అడగొచ్చు. బాబూ, ఇదంతా ఉన్నవాళ్ల సంగతి, మాలాంటి రోజుకూలివాళ్ల దగ్గర ఏముంది ఇవ్వడానికి అని. ఈ ప్రశ్నకు మన తెలుగు నేల మీదే ఒక సాక్ష్యం ఉంది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిని బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. ఆయన్ని పంపింది మన తెలుగువాళ్ల మధ్యకు, డోర్నకల్‌కు. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా అక్కడే సేవ చేశారు. ఆయన సంఘాల్లో ఎక్కువమంది ఎవరు? ఊరి చివర పేటల్లో ఉండే మాల, మాదిగ కుటుంబాలు. భూమి లేదు, చదువు లేదు, పూటకు పూట గడవడమే కష్టం. వాళ్లకు విదేశీ డబ్బుతో అన్నీ చేసిపెట్టడం తేలిక. కానీ ఇవ్వడం అనే గౌరవం పేదవాళ్లకూ ఉండాలని ఆయన నమ్మారు. క్రైస్తవ దాతృత్వం మీద ఒక పుస్తకమే రాశారు.

ఆ సంఘాల్లో స్త్రీలు అన్నానికి ఎసరు పెట్టేటప్పుడు ఒక గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం అది మందిరానికి తెచ్చేవారు. ఒక గుప్పెడు ఎంత? ఏమీ కాదు. కానీ ప్రతి పూటా, ప్రతి ఇంటిలో, ముందుగా తీసి పెట్టిన గుప్పెడు. తిన్నాక మిగిలింది కాదు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథెడ్రల్‌ను చూస్తే మన దేశపు గుడుల, మసీదుల పోలికలు కనిపిస్తాయి. నాకైతే ఆ రాళ్ల కింద ఆ గుప్పెళ్లు కూడా కనిపిస్తాయి.

పేద విధవరాలు రెండు కాసులు వేసినప్పుడు యేసయ్య కానుకపెట్టె ఎదురుగా కూర్చుని ఉన్నారు (మార్కు 12:41–44). ఎంత వేసిందన్నది కాదు, వేశాక ఎంత మిగిలిందన్నది చూశారు. కోత పండుగ రోజున మన మందిరాల్లో గుమ్మడికాయ, అరటిగెల, కోడిపుంజు వేలం వేస్తాం. సంతోషమైన రోజు అది, ఉండాల్సిందే. కానీ పాట పెరిగేకొద్దీ పేర్లు గట్టిగా వినపడతాయి. నిశ్శబ్దంగా మూలన సోల బియ్యం పెట్టి వెళ్లిన ముసలమ్మ పేరు మైకులో రాదు. ప్రభువు ఇప్పటికీ అటువైపే చూస్తూ కూర్చుని ఉంటారని మర్చిపోవద్దు.

6. డబ్బు కాని తలాంతులు

ఒక్కొక్కరూ పొందిన కృపావరాన్ని ఒకరికొకరు ఉపచారం చేయడానికి వాడాలని పేతురు రాశాడు (1 పేతురు 4:10). అది డబ్బు మాత్రమే కాదు.

గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి మనకు తెలుసు. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. ఆమె వైద్యం చదువుకున్నారు. అయినా మొదట ఆమెను వైద్యపనికి కాదు, బడుల పనికి, స్త్రీల మధ్య సేవకు పంపారు. నా డిగ్రీకి తగ్గ పదవి ఇవ్వలేదని ఆమె చేతులు ముడుచుకోలేదు. అప్పజెప్పిన పని చేస్తూనే రోగుల్ని చూశారు. 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో చనిపోయేదాకా ఇక్కడి స్త్రీలకు, పిల్లలకు సేవ చేశారు. అవకాశం వచ్చాక వాడదామని ఆమె తన తలాంతును గుంటలో పెట్టలేదు.

మన చేతిలో ఏముంది? చదువుకున్న తమ్ముడు పేటలో ఇద్దరు పిల్లలకు లెక్కలు చెప్పొచ్చు. బ్యాంకు ఫారం నింపడం రాని పెద్దమ్మకు సాయం చేయొచ్చు. రైతుకు ఆన్‌లైన్‌లో పంట నమోదు చేసిపెట్టొచ్చు. రోజుకు మూడు గంటలు రీల్స్ చూసే సమయం కూడా ఒక తలాంతే. నేల కూడా అంతే. ఆదామును తోటలో పెట్టింది దాన్ని సేద్యపరచడానికి, కాయడానికి (ఆదికాండము 2:15). పిండడం ఒక్కటే కాదు, కాయడం కూడా ఆజ్ఞే. కాలువలో ప్లాస్టిక్ పారేస్తే అది శివారు వాళ్ల గుమ్మం ముందు తేలుతుంది.

మరి దాచుకోవడం పాపమా? కాదు. దుగ్గిరాలలో కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి, ధర వచ్చేదాకా సరుకు దాచుకోవడం తెలివైన పని. యోసేపు ఏడేళ్లు పంటలో ఐదో వంతు దాచాడు, కరవులో దేశాన్ని బతికించాడు. లూకా 12లో ధనవంతుడు కూడా దాచాడు, దేవుడు అతన్ని వెఱ్ఱివాడన్నాడు. ఇద్దరూ కొట్లు కట్టినవాళ్లే. ఒకడి కొట్టు తలుపు జనం వైపు తెరుచుకుంది. రెండోవాడి కొట్టు తలుపు తన ప్రాణం వైపే తెరుచుకుంది. పిల్లల చదువుకు, ముసలి తల్లిదండ్రుల మందులకు, కష్టకాలానికి దాచండి. అప్పు చేసి ఆడంబరంగా పెళ్లి చేసి, పదేళ్లు ఈఎంఐలు కడుతూ నలిగిపోవడం మాత్రం గృహనిర్వాహకత్వం కాదు.

ఈ వారం చేసి చూద్దాం

ఒకటి, ఈ నెల వచ్చింది, పోయింది ఒక కాగితం మీద రాయండి. భార్యాభర్తలు కలిసి రాయండి. రెండు, ఎవరికైనా కూలి, బాకీ, కౌలు ఇవ్వాల్సింది ఆగి ఉంటే ముందు అది తీర్చండి. మూడు, మీ ఇంట్లో గుప్పెడు ఏదో నిర్ణయించుకోండి. బియ్యమైనా, పది రూపాయలైనా, అరగంటైనా, ముందుగా తీసి పెట్టండి. నాలుగు, మన సంఘంలో పంట పోయినవాళ్ల ఇంటికి వెళ్లండి. ఉపదేశం పట్టుకుని వెళ్లొద్దు, సంచిలో ఏదైనా పట్టుకుని వెళ్లండి.

ఇదంతా చేసి దేవుని మెప్పు సంపాదించుకుంటామని కాదు. మొదట ఇచ్చినవాడు ఆయనే. ధనవంతుడై ఉండి మన నిమిత్తం దరిద్రుడైన ప్రభువు మనకున్నాడు (2 కొరింథీయులకు 8:9). గోధుమగింజలా భూమిలో పడి చనిపోయి ఫలించినవాడు ఆయన (యోహాను 12:24). అలాంటి యజమానుడిని కఠినుడు అని ఎలా అంటాం? ఆయన్ని తెలుసుకున్నవాడి పిడికిలి తనంతట తానే తెరుచుకుంటుంది.

ప్రార్థన చేసుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, మా చేతిలో ఉన్నదంతా నీదే. మేము సొంతదారులమని అనుకున్న ప్రతి చోటా మమ్మల్ని సరిచేయుము. పంట నష్టపోయిన, అప్పుల్లో ఉన్న మా రైతు సహోదరులను, కౌలుదారులను ఆదరించుము. రోజుకూలీల చేతుల కష్టాన్ని దీవించుము. మా కాటాలో, మా లెక్కల్లో, మా పనిలో నమ్మకత్వం దయచేయుము. భయంతో దాచుకునే మనసు తీసివేసి, ఆశతో నాటే మనసు ఇమ్ము. నీవు లెక్క అడిగే దినాన నీ సంతోషంలో పాలుపొందే దాసులుగా మమ్మల్ని నిలబెట్టుమని యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.

దేవుడు మిమ్మల్ని, మీ కుటుంబాలను దీవించును గాక.